తోట పళ్లేలు పగిలిన రోజు

మా నాయన దెబ్బ తగలని మనిషి మా ఇంట్లో లేరు. ఆయన మామిడి తోటలు గుత్తకు తీసుకునేవాడు. కాయ రాలినా, లారీ ఆలస్యమైనా ఆ కోపం ఇంటికే వచ్చేది. చేతికి ఏది దొరికితే దానితో కొట్టేవాడు. మునగ కొమ్మ, ముల్లుకర్ర, నీళ్ల చెంబు, ఏదైనా సరే. ఒకసారి ఇడ్లీ పాత్ర మూత విసిరితే మా అన్న కనుబొమ్మ చీలింది. అప్పుడు అన్నకు పదకొండేళ్లు, నాకు ఏడు. అన్న ఏడవలేదు. పసుపు అద్దించుకుని కొట్టంలోకి పోయి, కట్టేసిన దూడను కర్ర విరిగేదాకా కొట్టాడు. దూడ అరుపు విని అమ్మ పరుగెత్తుకొచ్చింది. నేను తలుపు చాటున నిలబడి చూశాను. ఆపాలని కూడా నాకు తోచలేదు.

కాణిపాకం నుంచి పాకాల వైపు పోయే దారిలో మా ఊరు. ఇంటి వెనక ముప్పై సెంట్ల తోట. అది అమ్మ పుట్టింటి వాళ్లు అమ్మ పేరున రాసిచ్చింది. దెబ్బలు తిన్న రోజున అమ్మ ఎవరితోనూ మాట్లాడేది కాదు. చిన్న పార తీసుకుని తోటలోకి పోయి పాదులు సరిచేసేది. ఒకసారి చెయ్యి వాచిపోయి పార పట్టుకోలేక మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతోనే కలుపు పీకింది. నేను వెనకే తిరిగేదాన్ని. దానిమ్మ, సీతాఫలం, నిమ్మ, కంచె నిండా శంకుపూలు, గట్ల మీద కనకాంబరాలు. ఏ చెట్టు ఏ నెలలో ఏ రంగు తిరుగుతుందో నాకు తెలిసింది అట్లాగే.

తిరుపతిలో డిగ్రీ చదువుకున్నాక పుదుచ్చేరి దగ్గర ఒక చోట రెండేళ్లు పింగాణీ పని నేర్చుకున్నాను. మామూలు కుండ మన్ను వేరు, పింగాణీ మన్ను వేరు. అది తెల్లగా, మీగడలాగా చేతికి జారుతుంది. తిరిగే కుమ్మరి సారె మీద కొంచెం గట్టిగా నొక్కితే కూలిపోతుంది. తడి ఎక్కువైతే వంగుతుంది, తక్కువైతే పగులుతుంది. ఆరిన పళ్లేన్ని ఒకసారి కాల్చి, రంగులు వేసి, పైన గాజు పూత పోసి మళ్లీ కాల్చాలి. రెండో కాల్పు వేడికి నీలం నిలుస్తుంది, ఆకుపచ్చ కొంతవరకు నిలుస్తుంది. ఎరుపు నిలవదు. దానిమ్మ పువ్వు ఎరుపు కోసం నేను ఏడాదిన్నర తంటాలు పడ్డాను. ప్రతిసారీ కాలేయం రంగులో బయటికి వచ్చేది. చివరికి తెలిసింది ఏమిటంటే, ఆ రంగును పూత పైన వేసి, మూడోసారి తక్కువ వేడిలో కాల్చాలి. అంత ఓపిక ఉంటేనే ఎరుపు దక్కుతుంది.

నేను తిరిగి వచ్చిన ఏడాదే నాయన పోయాడు. ఒక మధ్యాహ్నం అన్నం కలుపుకుంటూ పక్కకు ఒరిగిపోయాడు. అమ్మ ఏడ్చింది. ఎందుకు ఏడ్చిందో అప్పట్లో నాకు అర్థం కాలేదు, కోపం వచ్చింది. నెల తిరగకుండానే అమ్మ పశువుల కొట్టం తాళం నా చేతిలో పెట్టింది.

"ఈడ చేసుకో నీ పని. పెండ్లీ గిండ్లీ నీ ఇష్టం, నేను అడగను" అంది.

కొట్టం కడిగి, సున్నం కొట్టి, గ్యాస్ బట్టీ పెట్టుకున్నాను. పెళ్లి మాట నిజంగానే అమ్మ మళ్లీ ఎత్తలేదు.

వాకిలి వైపు ముందు ఇంట్లో అన్నా వదినా, వెనక కొట్టం పక్క గదిలో అమ్మా నేనూ ఉండేవాళ్లం. అన్నావాళ్లకు పిల్లలు లేరు. అన్న నాయన కంటే మంచివాడని ఊళ్లో అనుకునేవాళ్లు. నవ్వుతూ మాట్లాడతాడు, ఎవరికి ఆపదొచ్చినా బండి తీస్తాడు. తలుపు మూశాక వేరే మనిషి. వదిన ముందు పన్ను ఒకటి అట్లాగే పోయింది. బావి దగ్గర జారిపడ్డానని అందరికీ చెప్పింది. మా ఇంట్లో బావే లేదు, బోరు ఉంది. అయినా ఎవరూ ఏమీ అడగలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఒకరోజు వదిన తలంటుకుంటూ వీపుకు నీళ్లు పోయమని నన్ను పిలిచింది. భుజం కింద నుంచి నడుము దాకా కమిలిపోయి ఉంది. మధ్యలో ముదురు ఊదా, అంచుల్లో ఆకుపచ్చ, దాని చుట్టూ పాలిపోయిన పసుపు. నేను నీళ్లు పోస్తూ ఆ రంగులనే చూశాను. నేరేడు పళ్ల పళ్లేనికి అంచు ఎట్లా తేవాలా అని నాలుగు రోజులుగా నేను వెతుకుతున్నది అదే. ఒక క్షణం నాకు సంతోషం వేసింది. ఆ తర్వాత నీళ్లు పోయడం ఆపేశాను. వదిన వెనక్కి తిరిగి "ఏమైంది పాపా?" అంది. "ఏం లేదు వదినా" అన్నాను. ఆ పళ్లేన్ని నేను చేశాను. బాగా వచ్చింది. వదిన దాన్ని చేతిలోకి తీసుకుని "ఎంత బాగుండాదో" అంది.

నేను చేసిన పళ్లేలు చూసి తిరుపతిలో కొత్తగా కట్టిన ఒక హోటల్ వాళ్లు ఎనభై పళ్లేలు అడిగారు. ఏడాదిలో మా తోట ఎట్లా మారుతుందో అట్లా ఉండాలన్నారు. ఎండాకాలానికి తెలుపు మీద తెలుపుగా మల్లెలు, వానలకు శంకుపూలు, కార్తీకానికి సీతాఫలం ఆకు, చలికి బంతి పసుపు, కనకాంబరం. అమ్మ రోజూ పొద్దున ఒక కొమ్మో పువ్వో తెచ్చి నా బల్ల మీద పెట్టేది. ఆకును మెత్తటి మన్నులో ఒత్తి తీస్తే ఈనెలన్నీ అచ్చు పడతాయి. ఆ గీతల్లో రంగు నింపుతూ నాలుగు నెలలు గడిపాను.

ఆ నాలుగు నెలల్లోనే పెద్ద రోడ్డు పని మా ఊరి పక్కకు వచ్చింది. తోటను ఒక లాడ్జి కట్టేవాళ్లకు ఇస్తానని అన్న మాట ఇచ్చేశాడు. అమ్మ సంతకం పెట్టనంది. అన్నం దగ్గర అడిగాడు, వాకిట్లో అడిగాడు, చుట్టాల చేత అడిగించాడు. అమ్మ ప్రతిసారీ ఒకటే మాట.

"నేను పోయినాక చేసుకో. నేనుండగా ఆ మన్ను ముట్టొద్దు."

అది శ్రావణ మాసం. ముందురోజు మూడో కాల్పు అయిపోయింది. పొద్దున పదింటికి బట్టీ తలుపు తెరిచాను. లోపల వేడి ఇంకా ముఖానికి కొట్టింది. కనకాంబరం పళ్లేలు పదహారు, ఒక్కటీ పగలలేదు. వాటి అంచున వేసిన దానిమ్మ పువ్వు ఎరుపుగా వచ్చింది. నేను గుడ్డ చుట్టుకుని మొదటి పళ్లేన్ని పట్టుకున్నప్పుడే వెనక ట్రాక్టరు శబ్దం వినిపించింది.

పళ్లేన్ని బట్టీలోనే వదిలి తోటలోకి పరుగెత్తాను. అన్న ఇద్దరు మనుషులను తెచ్చాడు. ఒకడి చేతిలో మోటారు రంపం. సీతాఫలం చెట్టు అప్పటికే కింద పడింది. దానిమ్మకు గొలుసు చుట్టి ట్రాక్టరుతో లాగుతున్నారు. వేళ్లు పటపటా తెగుతున్నాయి. కాయలతో సహా చెట్టు పక్కకు ఒరిగి, కొంత దూరం ఈడ్చుకుపోయింది. చక్రాల కింద కాయలు చితికి మట్టి ఎర్రబడింది. అమ్మ కంచె పట్టుకుని నిలబడి ఉంది. పోయి నిమ్మ చెట్టును రెండు చేతులా వాటేసుకుంది. రంపం పట్టుకున్న మనిషి ఆగిపోయి అన్న వైపు చూశాడు.

"ఏమప్పా, పెద్దామె అడ్డం ఉండాది. మేం చెయ్యలేం" అన్నాడు.

అన్న వచ్చి అమ్మ జుట్టు పట్టుకుని లాగాడు. అమ్మ చెట్టును వదల్లేదు. నిమ్మ ముళ్లు ఆమె ముంజేతుల నిండా గీరుకున్నాయి. అన్న అమ్మ చెంప మీద కొట్టాడు. రెండోసారి కొట్టాడు. నాయన కూడా అమ్మను కొట్టాడు గానీ, కొడుకు కొట్టడం నేను చూసింది అదే మొదటిసారి. ఆ మనుషులిద్దరూ రంపం అక్కడే పడేసి వెళ్లిపోయారు. నేను అన్న మీద పడి చొక్కా పట్టుకున్నాను. ఒక్క తోపుతో నన్ను కింద పడేశాడు.

"ఈ తోటనా మీకు కావాల్సింది? దీని బొమ్మలు గీసుకుంటావా? సూడు ఏం చేస్తానో" అని కొట్టం వైపు నడిచాడు.

నేను లేచి పోయేసరికి అరల్లోని పళ్లేలు లాగి గోడకు కొడుతున్నాడు. పింగాణీ పగిలే శబ్దం మట్టికుండ శబ్దంలా ఉండదు. సన్నగా, పైకి లేచి, చెవిలో గుచ్చుకుంటుంది. మల్లెలవి పోయాయి. శంకుపూలవి ఒక అర మొత్తం పోయింది. ఒక పెంకు ఎగిరి నా దవడ కోసింది. నేను అడ్డం పోలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో చేతులు రాలేదు. చిన్నప్పుడు తలుపు చాటున నిలబడ్డట్టే నిలబడ్డాను.

అమ్మ వచ్చింది. రక్తం కారే చేతులతో బట్టీకి అడ్డంగా నిలబడింది. లోపల ఆ పదహారు పళ్లేలు ఉన్నాయి.

"ఇవి ముట్టొద్దురా. నన్ను సంపినా సరే" అంది.

అన్న ఆమెను పక్కకు నెట్టాడు. చంపాలని నెట్టలేదు, అది నేను ఎక్కడైనా చెబుతాను. కానీ బలంగా నెట్టాడు. అమ్మ తల బట్టీ ఇనుప చట్రం అంచుకు తగిలింది. కొబ్బరికాయ కొట్టినట్టు వినిపించింది. ఆమె గోడ పక్కన జారిపోయింది. తెల్లటి పింగాణీ పొడి పరుచుకున్న నేల మీద రక్తం పాకింది.

బట్టీ పక్కన గ్యాస్ బర్నరును సరిచేసే ఇనుప కడ్డీ ఒకటి ఉండేది, మూరెడు పొడవు. అది నా చేతిలోకి ఎట్లా వచ్చిందో తెలియదని చెప్పను. తెలుసు. వంగి తీసుకున్నాను. మొదటి దెబ్బ అన్న మోచేతి మీద వేశాను. అన్న తిరిగి నా వైపు చూశాడు. కొట్టింది నేనేనని నమ్మలేనట్టు చూశాడు. రెండోది మణికట్టు మీద. ఎముక విరగడం చేతికి తెలిసింది. అన్న తన కుడిచెయ్యి పట్టుకుని మోకాళ్ల మీద కూలాడు. అక్కడ ఆపేయొచ్చు. అప్పటికే అమ్మకు ఆయన వల్ల ప్రమాదం లేదు. కానీ నేను ఆపలేదు. భుజం మీద, వీపు మీద, తల కాచుకోవడానికి ఎత్తిన అదే చేతి మీద కొట్టాను. "వద్దు మ్మే, వద్దు" అంటున్నాడు. ఆ మాట విన్నాను. విని కూడా కొట్టాను. ఊపిరి బరువుగా, లోపల ఏదో తెరుచుకున్నట్టు హాయిగా ఉంది. ఆ హాయి గురించి నేను ఎవరికీ చెప్పలేదు.

వదిన ఎప్పుడొచ్చిందో తెలియదు. గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. నన్ను ఆపలేదు. ఇంకో నాలుగు దెబ్బలు పడేదాకా చూసి, నెమ్మదిగా అంది.

"ఇంక సాలు పాపా. అత్తను సూడు."

కడ్డీ వదిలేశాను. వదిన తన కొంగు చింపి అమ్మ తలకు కట్టింది. అన్న వైపు పోలేదు.

తల్లినీ కొడుకునూ ఒకే అంబులెన్సులో తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. నేను ముందు సీటులో కూర్చున్నాను. ఒళ్లో నా చేతులు తెల్లగా పొడి కొట్టుకుని ఉన్నాయి. మెలకువ వచ్చినప్పుడల్లా అమ్మ "వానికెట్ల ఉండాది?" అని అడగడం వెనక నుంచి వినిపించింది. అన్న మూలుగుతున్నాడు.

అమ్మకు పద్నాలుగు కుట్లు పడ్డాయి. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ఏమైందని అడిగితే అమ్మ పాత అలవాటు ప్రకారం చెప్పింది.

"చెట్టు కొడతాంటే మీద పడిందమ్మా. ఇద్దరికీ తగిలింది."

నేను పక్కనే ఉన్నాను. "చెట్టు కాదు. అమ్మను ఆయన నెట్టినాడు. ఆయన్ను నేను కొట్టినాను" అన్నాను. అమ్మ నా వైపు చూసిన చూపు నాయనను చూసే చూపు.

పోలీసు వచ్చి రాసుకున్నాడు. రెండు వైపులా కేసు అవుతుందని చెప్పాడు. అన్న మణికట్టులో రాడ్లు వేశారు. ఎముక అతుక్కుంది గానీ వేళ్లు ముడుచుకోవడం పోయింది. కుడిచేత్తో గ్లాసు పట్టుకోలేడు, చొక్కా గుండీ పెట్టుకోలేడు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక వదిన ఒక నెల అన్నం తినిపించింది. ఆ నెల కాగానే పెట్టె సర్దుకుని పుట్టింటికి పోయింది. పోయే ముందు నా దగ్గరికి వచ్చింది.

"ఇన్నాళ్లూ వాని చేతికి భయపడి ఉన్నాను. ఇప్పుడా చెయ్యి లేదు. భయం లేకుంటే ఈడ ఉండేదానికి నాకింకేం కారణం కనపళ్లేదు" అంది.

ఊరి పెద్దలు రాజీ చేస్తామని వచ్చారు. మా వైపు మాట గట్టిపడాలంటే కాణిపాకం పోతారు. అక్కడ వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేసినవాళ్లకు శిక్ష తప్పదని నమ్మకం. అన్నా నేనూ స్నానం చేసి, తడిబట్టలతో దేవుడి ముందు నిలబడి, ఇకపై ఒకరి మీద ఒకరం చెయ్యి ఎత్తమని ప్రమాణం చేయాలన్నారు. తోట అమ్మ ఉన్నన్నాళ్లు అమ్మదే. అన్న అన్నిటికీ ఒప్పుకున్నాడు.

మంగళవారం పొద్దున పోయాం. అన్న ఎడమచెయ్యి చాచి ప్రమాణం చేశాడు. తర్వాత నన్ను ముందుకు రమ్మన్నారు. తడి చీర కాళ్లకు చుట్టుకుని ఉంది. చెయ్యి చాచాను.

"చెప్పమ్మా" అన్నాడు మా ఊరి పెద్దాయన.

"నేను చెయ్యను" అన్నాను.

"ఏమి? వాడే చేసినాడు, నీకేమి?"

"వాడు మళ్లీ అమ్మ మీదికి పోతే నేను ఊరకుంటానని చెప్పలేను. ఊరకే కోపం వచ్చినా ఎత్తనని కూడా చెప్పలేను. ఆరోజు ఆపాల్సిన కాడ ఆపలేదు నేను. నాకే తెలీనిది దేవునికి ఎట్ల చెప్పేది?"

పెద్దాయన తల పట్టుకున్నాడు. ఇంతదూరం వచ్చి పరువు తీశానని తిట్టాడు. అమ్మ మెట్ల మీద కూర్చుని కొంగుతో మొహం కప్పుకుంది. విచిత్రంగా అన్నే కల్పించుకున్నాడు.

"వదిలేయప్పా. దాన్ని చెయ్యమనొద్దు. అది నిజమే చెప్పింది" అన్నాడు.

కేసులు ఎట్లాగో రాజీ అయ్యాయి. కనకాంబరం పళ్లేలు పదహారూ బట్టీలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. అరల్లో మిగిలినవి మరో తొమ్మిది. జరిగింది దాచకుండా హోటల్ వాళ్లకు చెప్పాను. వాళ్లు ఆ ఇరవై ఐదు తీసుకుని, మిగతావి వద్దన్నారు. తప్పుపట్టలేదు నేను.

ఆరునెలలు సారె ముట్టలేదు. మన్ను పిసకాలంటే దాన్ని ఎత్తి బల్ల మీద కొట్టాలి, లోపలి గాలి పోవాలంటే అదే దారి. మళ్లీ పని మొదలుపెట్టి మొదటిసారి ఎత్తి కొట్టగానే పక్క గదిలో అమ్మ ఉలిక్కిపడి లేచి కూర్చుంది. ఆ తర్వాత ఆమె గుడికో పక్కింటికో పోయినప్పుడే మన్ను కొట్టేదాన్ని. దానిమ్మ మొదలు నుంచి పిలకలు వచ్చాయి. సీతాఫలం రాలేదు. అమ్మ ఆ గుంటలో బంతి నారు పోసింది.

మరుసటి ఏడాది చలికాలంలో అమ్మ అడిగింది.

"వానికొక గిన్నె చేసిస్తావా? స్టీలు తట్టలో మెతుకులు బయటికి పోతాండాయి. అంచు లోపలికి తిరిగి ఉంటే ఎడమచేత్తో నెట్టుకుని తింటాడు."

"నేను చెయ్యను" అన్నాను. అమ్మ మళ్లీ అడగలేదు. పది రోజులకు నేనే చేశాను. అడుగు బరువుగా, ఒకవైపు గోడ నిటారుగా, అంచు లోపలికి వంచి. మొదటిది కాల్పులో వంకరపోయింది, రెండోది పగిలింది. మూడోది నిలిచింది. పువ్వులేవీ వేయలేదు. లేత ఆకుపచ్చ పూత ఒక్కటే పోశాను.

అమ్మ చేత పంపుదామనుకున్నాను. అన్నే కొట్టం దాకా వచ్చాడు. ఆ రోజు తర్వాత అక్కడికి రావడం అదే మొదలు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. గిన్నె అందించాను. ఎడమచేత్తో తీసుకుని, కుడిచేతి వేళ్లను దాని గోడకు ఆనించి చూసుకున్నాడు. ఆ వేళ్లు కదలలేదు.

"నాయన మాదిరే కొట్టినావు మ్మే నన్ను" అన్నాడు. తిట్టినట్టు లేదు, అడిగినట్టూ లేదు.

"అవును" అన్నాను.

"నేనూ అంతే కదా అమ్మను."

"అవును."

క్షమించమని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. అడిగి ఉంటే ఏమనేదాన్నో నాకు తెలియదు. గిన్నెను పొట్టకు ఆనించి పట్టుకుని, తోట పక్కగా ముందు ఇంటికి పోయాడు. నేను గుమ్మంలోంచి చూస్తూ ఉన్నాను. దారిలో ఒక చోట తడబడ్డాడు గానీ గిన్నె వదల్లేదు.